కృష్ణ ఒడ్డు ఖాళీగా లేదు

విజయవాడలో ఈమధ్య ఏ రియల్ ఎస్టేట్ ఎక్స్‌పోకి వెళ్లినా, ఏ టీవీ చర్చ పెట్టినా, పెళ్లి భోజనాల దగ్గర పక్క కుర్చీ పెద్దమనిషిని కదిపినా వినపడే మాట ఒకటే. ఇంత నదిని పక్కన పెట్టుకుని ఈ ఊరికి దాన్ని వాడుకోవడం చేతకాలేదట. అహ్మదాబాద్ సబర్మతికి సోకులు దిద్ది దేశమంతా పేరు తెచ్చుకుందట. సింగపూర్, దుబాయ్ నీళ్ల పక్కన మేడలు లేపి ప్రపంచాన్ని రప్పించుకున్నాయట. మనం మాత్రం లాకులు, ఇసుక ట్రాక్టర్లు, చాకిరేవులు, రేకుల ఇళ్లతో ఒడ్డును పాడుచేసుకున్నామట. ఆ పాత సరంజామా ఎత్తేసి ముప్ఫై, నలభై అంతస్తుల టవర్లు వరసగా నిలబెడితే బెజవాడ దశ తిరిగిపోతుందట.

ఇలా అనేవాళ్లంతా భూముల బేరగాళ్లే అనుకుంటే అన్యాయం. హైదరాబాద్ చేజారాక మనకంటూ ఒక పెద్ద నగరం ఉండాలన్న తపనతో మాట్లాడేవాళ్లే వాళ్లలో ఎక్కువ. పిల్లలు ఉద్యోగాలు వెతుక్కుంటూ బెంగళూరుకో డల్లాస్‌కో వెళ్లిపోతే ఇక్కడ ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ల కోరికలో తప్పు లేదు, లెక్కలో ఉంది. ఒడ్డు చేసే పని ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడది ఉత్త ఖాళీ జాగా అన్నది ఆ లెక్క. అక్కడే నా పేచీ.

వాళ్లు చూపించే ఊళ్ల సంగతే ముందు చూద్దాం. లండన్‌లో వెస్ట్ ఇండియా డాక్స్ 1980లో మూతపడ్డాయి. కంటైనర్ ఓడలు పెద్దవైపోయి ఆ రేవుల్లో పట్టలేదు. సరుకంతా దిగువన టిల్‌బరీకి తరలిపోయింది. కూలీలు వీధిన పడ్డారు, గోదాములు పాడుబడ్డాయి. కెనరీ వార్ఫ్ లేచింది అలా పని ఆగిపోయిన చోట. అక్కడి పెద్ద టవరు 1991లో పూర్తయింది. దాన్ని కట్టిన కంపెనీ మరుసటి ఏడే దివాలా తీసింది, అది వేరే కథ, బ్రోచర్లలో ఎవరూ వేయరు. అసలు విషయం ఏమిటంటే, ఆ మేడలకు పునాదులు పడకముందే, 1982 నాటికే, సముద్రపు పోటు నగరంలోకి ఎక్కకుండా థేమ్స్ బ్యారియర్ గేట్లు పనిచేయడం మొదలుపెట్టాయి. సింగపూర్ 1977 నుంచి పదేళ్లపాటు తన నదిలోని మురికి కడుక్కుంది. మన వాళ్లు ఫొటోలు దిగి వచ్చే మరీనా బే శాండ్స్ హోటల్ 2010లో తెరుచుకుంటే, దానికి రెండేళ్ల ముందే మరీనా బ్యారేజీ సిద్ధమైంది. నీటి సంగతి ముందు తేల్చుకుని మేడల జోలికి తర్వాత వెళ్లారు. మనం అక్కడి నుంచి మేడల బొమ్మ మాత్రం తెచ్చుకున్నాం.

మన ఒడ్డున పని చాలించినవి లేకపోలేదు. ఏలూరు కాలువలో గోదావరి దాకా, ఆవలి వైపు కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువ అందుకుని మద్రాసు దాకా పడవలు నడిచిన కాలం పోయింది. ధాన్యం, పొగాకు, ఉప్పు లారీలెక్కేశాయి. లాకుల తలుపులు తుప్పుపట్టాయి. తాడేపల్లి సిమెంట్ ఫ్యాక్టరీ మూతపడింది. అలా మూతపడ్డ ఫ్యాక్టరీ జాగాలో, గట్టి నేల చూసుకుని, ఎవరైనా పాతిక అంతస్తులు వేసుకుంటామంటే నేను అడ్డం పడను. కానీ పడవ పోయినంత మాత్రాన కాలువ పోలేదు కదా! ఏలూరు, రైవస్, బందరు కాలువలకు ఈ రోజుకీ ప్రకాశం బ్యారేజీ పక్కనున్న తూర్పు రెగ్యులేటరే మూలం. అవతలి గట్టున పశ్చిమ ప్రధాన కాలువ. రెండు వైపులా కలిపి ఆయకట్టు దాదాపు 13 లక్షల ఎకరాలు. నారుమడి పోసుకునే రోజుల్లో దివిసీమ రైతైనా, రేపల్లె రైతైనా చూసేది ఈ గేట్ల వైపే. ఊరు తాగే నీళ్లు తోడుకునే హెడ్ వాటర్ వర్క్స్ కూడా బ్యారేజీకి కాస్త ఎగువనే. 1855లో ఆనకట్టతో మొదలైన పని ఇది. 1952లో ఆనకట్ట తెగితే 1957 కల్లా బ్యారేజీ కట్టుకుని మరీ నిలబెట్టుకున్నాం. మూతపడ్డ పరిశ్రమల ఒడ్డు అని దీన్ని పిలిచేవాళ్లు ఒక్కసారి జూన్ నెలలో పెనమలూరు, ఉయ్యూరు, చల్లపల్లి దాకా కాలువ గట్టు పట్టుకుని వెళ్లి రావాలి.

ఇక వరద రోజు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. బ్యారేజీ చరిత్రలో అదే ఎక్కువ. దానికి ముందు రికార్డు 2009 అక్టోబర్‌ది, అదీ 11 లక్షల పైచిలుకే. పదిహేనేళ్లలో రెండుసార్లు. ఎగువన నాగార్జునసాగర్ ఉంది, పులిచింతల ఉంది, అవి ఆపవా అని అడుగుతారు. మున్నేరు, వైరా, కట్లేరు నీళ్లు కృష్ణలో కలిసేది పులిచింతల దాటాక. ఆ వరదను పట్టి ఉంచే జలాశయం మధ్యలో ఏదీ లేదు. మరి బ్యారేజీ? దాని వెనక నిలిచేది మూడు టీఎంసీల చిల్లర. క్యూసెక్కులను టీఎంసీల్లోకి మార్చి చూసుకోండి, ఆ రోజు ప్రవాహం గంటకు నాలుగు టీఎంసీల పైమాట. బ్యారేజీ ఆసాంతం ఖాళీగా ఉన్నా ముప్పావు గంటలో నిండిపోతుంది. కాబట్టి బ్యారేజీ వరదను ఆపదు, ఆపలేదు. 70 గేట్లూ ఎత్తి దారి ఇస్తుంది, అంతే. ఆ దారికి రెండు పక్కలా ఎంత జాగా ఉందన్నదే ఊరి ప్రాణాలకు సంబంధించిన విషయం.

అప్పుడే ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనప పడవలు గేట్లను గుద్దుకున్నాయి. 67, 69, 70 నంబర్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చి, కింద వరద పోతుండగానే కొత్తవి పెట్టించారు. ఇరుక్కున్న పడవలను బయటికి లాగడానికి రోజుల తరబడి పాట్లు పడ్డారు. లంగరు తెగిన పడవలే ఇంత చేస్తే, ఒడ్డు పొడవునా ప్రైవేటు జెట్టీలు, తేలే రెస్టారెంట్లు, క్రూయిజ్ బోట్లు కట్టేసుకుని ఉన్న నదిలో వరద వస్తే ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరే కానక్కర్లేదు. అయితే మన మతిమరుపు గొప్పది. ఆ వరద వచ్చిన యాభయ్యో రోజున, అక్టోబర్ 22న, పున్నమి ఘాట్ దగ్గర ఐదున్నర వేల డ్రోన్లు ఎగరేసి రికార్డు కొట్టాం. నవంబర్ 9న సీప్లేన్ దిగింది. టీవీల్లో నది మళ్లీ అందంగా కనిపించింది. అదే వరదల్లో ఊరి వెనక బుడమేరు వాగు ముంచిన సింగ్‌నగర్‌లో అప్పటికి ఇంకా బురద పట్టిన బీరువాలు ఎండలో ఆరుతూనే ఉన్నాయి.

టవర్ల వాదుల బలమైన పాయింటు ఇక్కడే ఉంది. 2024లో మునిగింది నది ఒడ్డు కాదు కదా, బుడమేరు వైపు కదా అంటారు. నది అంచున కట్టిన రిటైనింగ్ వాల్ ఒడ్డు పేట కృష్ణలంకను కాపాడింది కదా అంటారు. రెండూ నిజాలే. గోడ లేకపోతే రాణిగారితోట, తారకరామానగర్, భూపేష్ గుప్తానగర్ జనం ఎప్పటిలాగే మూటాముల్లె సర్దుకుని రోడ్డెక్కేవాళ్లు. ఏళ్ల తరబడి ధర్నాలు చేసి, అర్జీలు పెట్టి, రెండు మూడు ప్రభుత్వాల చేత విడతలు విడతలుగా కట్టించుకున్న గోడ అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ గోడకు పెట్టుకున్న లెక్క 12 లక్షల క్యూసెక్కులు. వచ్చింది 11.43. మిగిలిన వెసులుబాటు 57 వేలు. బ్యారేజీ డిజైన్ కూడా 11.9 లక్షల దగ్గరే ఆగుతుంది. గోడ వెనక ఉన్నవాళ్లను కాపాడుకోవడానికి ఆ వెసులుబాటు సరిపోయింది, అది అదృష్టం. దాన్నే హామీపత్రం అనుకుని, గోడ ఆనుకుని వేలమందిని కొత్తగా తెచ్చి కూర్చోబెడతామనడం తెలివితక్కువతనం.

బుడమేరు సంగతికి వస్తే, అది నదికి సంబంధం లేని వేరే వ్యవహారం అనుకోవడం ఇంకో పొరపాటు. వెలగలేరు దగ్గర బుడమేరు వరదను మళ్లించే కాలువ ఇబ్రహీంపట్నం వైపు వెళ్లి, బ్యారేజీకి ఎగువన కృష్ణలోనే కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీరు నదిలోకి దిగదు. వెనక్కి తంతుంది, గట్లు తెగుతాయి. 2024లో గండ్లు పడితే పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. అంటే భవానీపురం ఒడ్డున నది మట్టం ఎంత ఉందన్నది పాయకాపురం ఇళ్లలోకి నీళ్లు ఎంత వస్తాయన్నదాన్ని శాసిస్తుంది. ఒడ్డును ఎత్తు చేసి, నదిని ఇరుకు చేస్తే మట్టం పెరుగుతుంది. ఒడ్డున టవరు వాసి కాళ్లు తడవవు. ఆ తడి ఊరి వెనక తేలుతుంది, లేదంటే దిగువన. 2009లో దిగువన ఓలేరు దగ్గర గట్టు తెగి రేపల్లె వైపు పొలాలూ ఊళ్లూ మునిగాయి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇది కాదు. గేట్లు ఎప్పుడు, ఎన్ని, ఎంత ఎత్తాలన్నది ఇంజనీర్ల నిర్ణయంగా ఉండకపోవడం. దీనికి రుజువు ఎక్కడో వెతకనక్కర్లేదు, ఉండవల్లి కరకట్ట చాలు. 2019 జూన్‌లో అక్కడి ప్రభుత్వ సమావేశ మందిరం ప్రజావేదికను కూల్చారు, పక్కనున్న మిగతా కట్టడాలు నిలిచాయి. రెండు నెలలకే ఆగస్టులో వరద వచ్చింది. ఆ కట్టడాల్లో ఒకటైన ప్రతిపక్ష నాయకుడి ఇంట్లోకి నీళ్లు రావాలనే నీటిని ఆపి ఒక్కసారి వదిలారని ఒక పార్టీ ఆరోపణ. 2024లో అదే నాయకుడు ముఖ్యమంత్రి. ఆయన ఇంటిని కాపాడటానికే బుడమేరు గేట్లు ఎత్తి ఊరిని ముంచారని రెండో పార్టీ ఆరోపణ. అప్పటి ప్రభుత్వం ఖండించింది, ఇప్పటి ప్రభుత్వమూ ఖండించింది. ఎవరి మాట నిజమన్న పంచాయితీ నాకొద్దు. ఒడ్డున ఒక్క ముఖ్యమైన ఇల్లు ఉన్నందుకే రెండు వరదల్లో రెండుసార్లు గేటు ఆపరేషన్ మీద జనానికి నమ్మకం పోయింది. ఆ ఒడ్డునే ఒక్కో ఫ్లాటు కోట్లు పలికే టవర్లు పాతిక లేచాయనుకోండి. అందులో ఎమ్మెల్యేలుంటారు, ఐఏఎస్‌లుంటారు, కాంట్రాక్టర్లుంటారు, పత్రికల యజమానులుంటారు. అర్ధరాత్రి మున్నేరు పొంగుతుంటే డ్యూటీలో ఉన్న ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి ఎన్ని ఫోన్లు వస్తాయి? బ్యారేజీలో నీటి మట్టం తగ్గిస్తే వ్యూ పోతుందని వేసవిలో ఎన్ని అర్జీలు వస్తాయి? దివిసీమలో చివరి భూముల రైతు ఫోను ఆ క్యూలో ఎన్నోది?

ఇక నది ఒడ్డు నేల. బ్యారేజీకి దిగువన ఎక్కడైనా సెల్లార్ తవ్వుతున్న చోట ఆగి చూడండి. పదిహేను అడుగులు దిగకముందే గుంత అడుగున ఇసుకలోంచి నీరు ఉబికి వస్తుంది. చుట్టూ పైపులు దింపి, రెండు మోటార్లు పెట్టి, రాత్రింబవళ్లు తోడి రోడ్డు పక్క డ్రెయిన్‌లోకి వదులుతుంటారు. మురిక్కాలవలోకి పోయే ఆ నీళ్లు తాగేందుకు పనికొచ్చేంత తేటగా ఉంటాయి. జనరేటర్ ఆగితే వాచ్‌మన్ పరిగెత్తాలి. బిల్డింగ్ పూర్తయ్యాక ఈ తోడే పని నెలనెలా మెయింటెనెన్స్ బిల్లులో చేరుతుంది. నదిలో మట్టం ఎక్కితే గోడకు ఇవతల భూమిలోనూ ఊట ఎక్కుతుంది, గోడ పైనుంచి నీరు దూకనక్కర్లేదు. లిఫ్టు గుంతలు, కరెంటు ప్యానెళ్లు, కార్లు ఉండేది కిందే. అన్నట్టు, ఆ స్లాబుల్లోకి పోయిన ఇసుక కూడా ఈ నదిదే. ఇసుక తవ్వినకొద్దీ నది అడుగు దిగుతుంది, భూగర్భ జలం దిగుతుంది, నాగాయలంక వైపు ఉప్పునీరు ఒక అడుగు ముందుకు జరుగుతుంది.

పైకి కడితే పొలాలు మిగులుతాయి కదా అని ఒక వాదన. ఇందులో బలముంది, ఒప్పుకుంటాను. కంకిపాడు, గన్నవరం, నున్న రోడ్ల పక్క మూడు కార్లు పండే నేలలు వెంచర్ల రాళ్లు మొలిచి పోతుంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. కానీ ఒడ్డున టవరు లేచినందుకు ఒక్క వెంచరైనా ఆగిందా? రెండూ కలిసే పెరుగుతున్నాయి, చాలాచోట్ల ఒకే పెట్టుబడితో. ఒడ్డు ఫ్లాటు కొనేవాడు వేరు, కంకిపాడులో రెండు సెంట్లు కొనేవాడు వేరు. మేడలే పరిష్కారమైతే ఊళ్లోనే చోటుంది. బస్సు, రైలు అందుబాటులో ఉన్న పాత వీధుల్లో, హైవే వెంట ఎత్తు నేలల మీద, కొండల మీద మెట్లెక్కి బతుకుతున్న కార్మిక కుటుంబాలకు ఇళ్లిచ్చేలా కట్టండి. ఈ ఊళ్లో జాగా దొరక్క పేదవాడు కొండెక్కాడు, కాలువగట్టు ఎక్కాడు, బుడమేరు పల్లంలోకి దిగాడు. ఇప్పుడు డబ్బున్నవాడు నది పల్లాన్ని ముచ్చటపడి దిగుతానంటున్నాడు. ఆయన దిగితే ఆయన కోసం కోట్లు పోసి గోడ ఇంకో రెండడుగులు లేపుతారు. బుడమేరు గట్టుకు మాత్రం టెండర్లు ఆలస్యమవుతాయి.

సబర్మతి అంటారా? ఆ నదిని రెండు గోడల మధ్య 263 మీటర్ల వెడల్పుకు బిగించారు. అందులో నిలిచి కనిపించేది నర్మద కాలువ నీరు. ఒడ్డు గుడిసెల్లోని పది వేలకు పైగా కుటుంబాలను ఖాళీ చేయించి ఊరి అంచులకు పంపారు. మన బ్యారేజీ పొడవే 1,223 మీటర్లు. అక్కడ డిజైన్ చేసుకున్న వరదకు రెండు రెట్ల పైన మనకు నిజంగానే వచ్చి వెళ్లింది. ఇక అరువు నీరు ఎక్కడి నుంచి తెస్తారు? పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు నాట్లకు, టవర్ల ముందు నిలబెట్టడానికి కాదు. బ్యారేజీకి దిగువన ఏప్రిల్‌లో కృష్ణను చూసినవాళ్లకు తెలుసు: ఇసుక తిన్నెలు, మధ్యలో మడుగులు, తాళ్ల మీద ఆరేసిన దుప్పట్లు, క్రికెట్ ఆడే పిల్లలు. ఆ మడుగుల్లో వలేసే మత్స్యకారుడికి, ఆ నీళ్లలో బట్టలుతికే రజకుడికి, వేసవి రాత్రి గాలికోసం వచ్చే కృష్ణలంక ఆటోడ్రైవర్ కుటుంబానికి అది పనికొచ్చే ఒడ్డే. బ్రోచర్‌లో మాత్రం ఏడాది పొడవునా నీలం రంగు.

ఒడ్డున ఏమీ వద్దని నేననను. గోడకు నది వైపున 2024 మార్చిలో కృష్ణమ్మ జలవిహార్ పార్కు తెరిచారు. ఆరు నెలలు తిరక్కుండా వరద దాని మీదుగా వెళ్లింది. పార్కు కాబట్టి బురద ఎత్తి, మొక్కలు నాటి మళ్లీ నడుపుకోవచ్చు. ఒడ్డుకు తగ్గవి అవే: పార్కులు, ఘాట్లు, నడక దారులు, చేపల రేవులు, ఆటస్థలాలు. మునిగి లేవగలిగినవి, టికెట్ లేకుండా అందరూ వెళ్లగలిగినవి.

చట్టం లేక కాదు. 1884 నాటి నదుల చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది. 2017 భవన నిర్మాణ నిబంధనలు పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలమన్నాయి. హద్దు ఎక్కడో తేల్చి ధ్రువీకరించాల్సింది నీటిపారుదల శాఖ. గోడ కట్టాక హద్దు గోడేనా, లేక పాత గట్టేనా అన్న ప్రశ్న మీద వేల కోట్ల వ్యాపారం ఆధారపడి ఉంది. ఆ గీతను శాఖ పటం మీద గీసి, సర్వే నంబర్లతో సహా, తెలుగులో, ప్రతి వార్డు సచివాలయం గోడకూ అంటించాలి. 2024 సెప్టెంబర్ 2 నాటి నీటి మట్టాన్ని కూడా అదే పటం మీద చూపాలి. అది జరిగేదాకా రెండు ఒడ్డుల మీదా కొత్త టవర్లకు అనుమతులు ఆపాలి.

అంతవరకు ఆగలేక రివర్ వ్యూ ఫ్లాటుకు అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్లు బిల్డర్‌ను మూడు కాగితాలు అడగండి: నీటిపారుదల శాఖ ఇచ్చిన నది హద్దు సర్టిఫికెట్, ఆ సెప్టెంబర్ 2న ఆ సర్వే నంబరులో నీరు ఎంతవరకు వచ్చిందో చూపే పటం, సెల్లార్‌లో ఊట తోడటానికి ఏటా అయ్యే ఖర్చు. మూడూ చేతిలో పెట్టలేకపోతే చెక్కు రాయకండి.